పద్నాలుగో నంబరు బాకా

దుప్పటి ఒక కొస మాక్సీన్ చేతిలో ఉంది, రెండో కొస గేనర్ చేతిలో ఉంది. ఇద్దరూ ఒకేసారి విదిలించాలి, అంచులు బిగలాగాలి, వేడి రోలరు నోటికి అందించాలి. రోలరు దాన్ని లాక్కుని అవతలివైపు ఇస్త్రీ చేసి పడేస్తుంది. నిమిషానికి ఏడు దుప్పట్లు. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఇదే పని. హేజల్‌రాయిడ్ ఊరి చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఎవరికి చెమట పోసినా, ఎవరు కక్కుకున్నా, ఎవరు కన్నుమూసినా, ఆ దుప్పటి చివరికి గేనర్ సగ్డెన్ చేతుల్లోకి రావలసిందే. పదకొండేళ్ళుగా వస్తూనే ఉంది.

ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషే గానీ భుజాలు మగవాడి భుజాలు. ఎడమది కాస్త దిగి ఉంటుంది. బొటనవేళ్ళ చర్మం వేడికి పగిలి చలికాలంలో నెత్తురు కారేది. ఇప్పుడు మే నెల కాబట్టి నల్లటి గీతలు మాత్రం మిగిలాయి. నెరిసిన జుట్టు తనే కత్తిరించుకుంటుంది, కుడివైపు ఎప్పుడూ కురచగా ఉంటుంది. జుట్టు ఖర్చుకు నెలకు ఎనిమిది పౌండ్లు చాలునని ఒప్పందం వాళ్ళు కాగితం మీద రాశారు. ఆ ఎనిమిదీ గ్యాసు బిల్లులో కలిసిపోతాయి.

ఒప్పందమంటే పెళ్ళి ఒప్పందం కాదు, అప్పుల ఒప్పందం. ఇరవై మూడు వేల పౌండ్ల బాకీ. అయిదేళ్ళపాటు నెలకు నూట అరవై అయిదు కడితే మిగతాది మాఫీ చేసేటట్టు అప్పులవాళ్ళకూ ఆవిడకూ మధ్య ఒక కంపెనీ నిలబడి సంతకాలు పెట్టించింది. గేనర్ నలభై ఏడు నెలలు కట్టింది. మొదటి ఏడాది పైచిలుకు సొమ్మంతా ఆ మధ్యలో నిలబడ్డవాళ్ళే ఫీజుల కింద మింగారు. ఏటా ఒకసారి ఆవిడ బతుకంతా వాళ్ళ ముందు పరచాలి. జీతం చీటీలు, కరెంటు బిల్లు, బస్సు టికెట్లు, శుక్రవారం కొనుక్కున్న చేపముక్క, చిప్సూ. పోయినేడు ఆ చేపముక్కను కూడా ప్రశ్నించారు. ఆ రాత్రి గేనర్ తినే పళ్ళాన్ని గోడకేసి కొట్టింది. తర్వాత పెంకులు తనే ఏరుకుంది, ఇంకెవరున్నారు ఏరడానికి.

పదింటికి టీ విరామం. ఇరుకు గదిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు, ఎనిమిది ఫ్లాస్కులు. గేనర్ రొట్టెముక్క నోట్లో పెట్టుకోబోతుండగా ఫోను మోగింది. పదకొండేళ్ళ రోలర్ల మోతకు చెవులు మొద్దుబారి, ఫోను స్పీకరును గట్టిగా పెట్టుకోవడం ఆవిడకు అలవాటు. ఈ రోజు తగ్గించడం మర్చిపోయింది.

"హలో, గేనర్‌తోనేనా మాట్లాడుతున్నది? నా పేరు కర్‌స్టీ. ఎలా ఉన్నారు ఈ రోజు?"

"మిసెస్ సగ్డెన్ అను. నేనెలా ఉంటే నీకెందుకు? విషయం చెప్పు."

"మీ జీతం చీటీలు చూశామండీ. డిసెంబరు నుంచి మార్చి దాకా ఓవర్‌టైం చేశారు. చేసిన పద్నాలుగు రోజుల్లో మాకు తెలియజెయ్యాలి కదండీ. అందులో సగం ఒప్పందంలోకి రావాలి. నాలుగు వందల పన్నెండు పౌండ్లు తేలుతోంది."

"ఫ్లూ వచ్చి జనం చస్తుంటే వాళ్ళ పక్కబట్టలు ఉతికింది నేను. నువ్వేమన్నా వచ్చి ఒక కొస పట్టుకున్నావా సగం అడగడానికి?"

"శుక్రవారం మధ్యాహ్నంలోగా కట్టకపోతే ఒప్పందం రద్దవుతుందండీ. అప్పుడు పాత బాకీలన్నీ మళ్ళీ మీద పడతాయి."

"ఏడు వేల ఏడు వందల యాభై అయిదు కట్టానే! అదంతా ఏ గంగలో కలిసింది?"

"అందులో మా ఫీజులు కూడా ఉంటాయి కదండీ. ఇంకేమైనా సాయం కావాలా మీకు?"

గేనర్ ఫోను కట్టేసింది. గదిలో ఒక్క ఫ్లాస్కు మూత కూడా కదల్లేదు. ఇన్నేళ్ళుగా ఈ సంగతి ఆవిడ పిల్లికి కూడా చెప్పలేదు. ఇప్పుడు మిగతా ఏడుగురికీ పైసలతో సహా తెలిసిపోయింది. మొహమంతా మంటలెత్తింది.

"నువ్వా? అప్పుల్లోనా?" అంది మాక్సీన్. "రోజూ నా ఎదురుగా నిలబడి అంత నీలుగుతావు కదే! నా మొగుడు లేచిపోతే నేను రెండు చోట్ల పని చేసి పెన్నీ బాకీ లేకుండా తీర్చాను, తెలుసా?"

"తెలుసు. పదకొండేళ్ళుగా రోజూ చెప్తూనే ఉన్నావు."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"ఐపీ పెట్టేస్తాను."

"దివాలానా! సిగ్గనిపించదూ?"

"ఉండేది. నలభై ఏడు నెలలు వాయిదాల మీద కట్టేశాను. అయిపోయింది. గంట కొట్టారు, పద."

ఆ తర్వాత రెండింటి దాకా పంతాలే. మాక్సీన్ దుప్పటి అంచును అవసరమైనదానికంటే గట్టిగా లాగింది, గేనర్ ఇంకా గట్టిగా లాగింది. ఒకటి చిరిగింది కూడా.

ఐపీ పెట్టడమన్నది ఆవిడ కోపంలో అనేసిన మాట కాదు. ఏడాది నుంచీ తవ్వుతున్న దారి అది. ఆ ఓవర్‌టైం డబ్బు పోయింది అక్కడికే. దివాలాకు దరఖాస్తు పెట్టాలంటే ముందు ఆరు వందల ఎనభై పౌండ్ల రుసుము కట్టాలి. నా దగ్గర డబ్బు లేదు మహాప్రభో అని చెప్పుకోవడానికి డబ్బు! అయిదేసి పౌండ్ల చొప్పున కట్టుకోవచ్చని కూడా రాశారు, ధర్మాత్ములు. గేనర్ కట్టింది. పోయిన శుక్రవారంతో చివరి అయిదు కూడా చేరింది. ఏడాది ఓపిక పడితే విడుదల. ఆసుపత్రి వాళ్ళు ఉద్యోగం తియ్యరు. ఇల్లు కౌన్సిల్ వారి అద్దె ఇల్లు, దాన్ని ఎవరూ పట్టుకుపోలేరు. ఫోనులో దరఖాస్తు అంతా నింపి ఉంది, ఒక్క గడి తప్ప. విలువైన వస్తువులు ఏమైనా ఉన్నాయా అని అడిగే గడి. ఉంటే అధికారి అమ్మించి అప్పులవాళ్ళకు పంచుతాడు. దాచిపెట్టి అబద్ధం రాస్తే కోర్టుకు ఈడుస్తామని కింద ముద్దక్షరాల్లో ఉంది.

ఆ గడికి జవాబు ఆవిడ పడకగదిలో, కిటికీ పక్కన, నల్లటి పెట్టెలో ఉంది.

మధ్యాహ్నం మూడింటికి ఇంటికి చేరి, బూట్లు కూడా విప్పకుండా ఆ పెట్టె ముందు కూర్చుంది. మూడు గొళ్ళాలు తీసింది. లోపల ముదురు నీలం మెత్త మీద మొగుడు క్లైవ్ బాకా పడుకుని ఉంది. యూఫోనియం అంటారు దాన్ని. పసిబిడ్డను కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, నోరు పైకి తెరుచుకుని ఉండే పెద్ద బాకా, వెండి పూత. మూడు మీటలు అరిగి వేళ్ళ ఆకారంలో పల్లంగా అయ్యాయి. ప్రతి ఆదివారం గేనర్ పాలిష్ డబ్బా తెచ్చి, క్లైవ్ పాత చొక్కా గుడ్డతో దాన్ని తోముతుంది. అంచు దగ్గర ఏదో గీతలుంటే అవీ తోముతుంది. అంత తోమినా ఒక్కసారి కూడా దాన్ని ఊదలేదు.

నిజానికి క్లైవ్ వాయించే ఆ ఊరి బ్యాండంటే ఆవిడకు మంట. మంగళవారం, గురువారం సాధన. ఆదివారం కచేరీ. మొగుణ్ణి బ్యాండు వాళ్ళు కట్టుకున్నారు, తనకు బట్టలు ఉతకడం మిగిలింది అనేది. చలికాలంలో క్లైవ్ స్నానాలగదిలో కూర్చుని భక్తి పాటలు నిదానంగా ఊదేవాడు. ఇవతల వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతూ గేనర్ చెక్కగరిటెతో గోడ మీద బాదేది. ఆపు! అతను ఒక్క క్షణం ఆపి, ఇంకా మెల్లగా ఊదేవాడు. గోడ సున్నం మీద ఆ గరిటె దెబ్బలు ఇప్పటికీ ఉన్నాయి.

తివాచీల మిల్లు మూతపడ్డాక క్లైవ్ ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేశాడు. అన్నిట్లోనూ ఆవిడ సంతకం ఉంది. ఇక్కడ పెట్టు అంటే పెట్టింది. తర్వాత ఒక గురువారం సాధన అయ్యాక బస్ స్టాపులో కూర్చుని అక్కడే పోయాడు. చచ్చి బతికిపోయాడు వెధవ! ఉత్తరాలు ఆవిడకు వచ్చాయి. సలహా కోసం ఆ ఒప్పందం కంపెనీకి ఫోను చేస్తే, దివాలా తీస్తే ఇంట్లో విలువైనవి పోతాయండీ, ఒప్పందమైతే ఏదీ ముట్టుకోరండీ అన్నారు. బాకా ముట్టుకోరా? ముట్టుకోరండీ. ఆ ఒక్క మాట మీద గేనర్ అయిదేళ్ళు రాసిచ్చేసింది.

ఇంకో పదమూడు నెలలు ఆవిడ వల్ల కాదు. అలాగని బాకాను వేలం వాడి చేతిలోనూ పెట్టదు. సాయంత్రం సాధన వేళకు పెట్టె మూసి గొళ్ళాలు వేసింది. పన్నెండు కిలోల బరువు, దిగిన ఎడమ భుజానికే తగిలించుకుంది.

బస్సులో డ్రైవరు పెట్టె వంక చూసి, "అదేంటి, శవమా?" అన్నాడు.

"నీకు పనికొస్తుందా? దారి చూసి నడుపు" అంది గేనర్.

బ్యాండు గది కొండ మీద, పాత సండే స్కూలు భవనంలో ఉంది. సాయంత్రం ఆరున్నర, ఎండ ఇంకా రాళ్ళ గోడ మీదే ఉంది. లోపల హెడ్లీ బారక్లఫ్ ఒక్కడే కుర్చీలు వేస్తున్నాడు. డెబ్భై నాలుగేళ్ళు, పొడవాటి మనిషి, మెడ ముందుకు వంగింది. నలభై ఏళ్ళుగా బ్యాండు సామాను లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. గేనర్‌ని, ఆ పెట్టెను చూసి చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"రా తల్లీ. టీ పెట్టనా?"

"టీ వద్దు. తలుపు వెయ్యండి. మీతో ఒక పని పడింది."

ఆయన తలుపు వేశాడు. గేనర్ కూర్చోలేదు. అప్పు, ఒప్పందం, శుక్రవారం గడువు, ఐపీ, ఖాళీ గడి, అన్నీ నిలబడే చెప్పింది. ఒకళ్ళని సాయం అడగడం ఆవిడకు చేతకాదు, అందుకని తిడుతున్నట్టే చెప్పింది.

"ఇదుగో, ఈ బాకా మీ బీరువాలో పెట్టుకోండి. ఎవరన్నా వచ్చి అడిగితే ఇది బ్యాండుదే అని చెప్పండి. అబద్ధమే, నాకు తెలుసు. పట్టుబడితే నేను పడతాను, మిమ్మల్ని ఇరికించను. ఏడాది తిరగ్గానే వచ్చి పట్టుకుపోతాను. క్లైవ్ మొహం చూసైనా చెప్పండి ఈ ఒక్క అబద్ధం."

హెడ్లీ కుర్చీ దించి, దాని వీపు పట్టుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అబద్ధం చెప్పక్కర్లేదమ్మా" అన్నాడు.

"అయితే మంచిది. మీ పుస్తకంలో ఎక్కడన్నా రాసి పెట్టండి."

"రాసే ఉంది, గేనర్."

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన బీరువా తెరిచి అట్ట ఊడిన రిజిస్టరు తీశాడు. కావలసిన పేజీలో గుర్తుకు కాగితం ముక్క పెట్టి ఉంది, అంటే ఈ మధ్య చాలాసార్లు తెరిచారన్నమాట. సెప్టెంబరు 1979, యూఫోనియం, నంబరు పద్నాలుగు, తీసుకున్నవారు సి. సగ్డెన్. పక్కన పదిహేడేళ్ళ క్లైవ్ సంతకం, ఒద్దికగా, గుండ్రంగా. హెడ్లీ పెట్టె తెరిచి బాకా అంచును ఎండ వైపు తిప్పాడు. గేనర్ అయిదేళ్ళుగా తోముతున్న గీతలు గీతలు కావు, అంకెలు. ఒకటి, నాలుగు. దాని కింద బ్యాండు పేరు, సగం అరిగిపోయి.

"నా బాకా అనేవాడు" అంది గేనర్. "మొదటిసారి కలిసిన రోజు కూడా నా బాకా అన్నాడు."

"అందరం అలాగే అంటాం తల్లీ. నా కార్నెట్, నా డ్రమ్ము అని. అన్నీ బ్యాండువే. మనిషి పోతే సామాను వెనక్కి రావాలి."

"మరి ఎందుకు అడగలేదు?"

"మనసొప్పలేదు. అంత్యక్రియలప్పుడు ఎలా అడుగుతాం? ఆ తర్వాత క్రిస్మస్ వచ్చింది. ఏటా జనవరి మీటింగులో ఈ ముక్క వచ్చేది. గేనర్‌ని ఎవరు అడుగుతారు అని. అందరం బూట్ల వంక చూసుకునేవాళ్ళం. తర్వాత లాటరీ టికెట్ల సంగతికి వెళ్ళిపోయేవాళ్ళం. అయిదేళ్ళుగా పక్క ఊరి బ్యాండు దగ్గర అద్దెకు తెచ్చి వాయిస్తున్నాం."

గేనర్ గొంతు ఒక్కసారిగా లేచింది.

"నా గుమ్మం దాకా వచ్చావు కదయ్యా నువ్వు! ఏటా వచ్చావు. పండ్ల కేకు తెచ్చావు. ఎండుద్రాక్ష నాకు పడదు, అదీ తిన్నాను. వాన గురించి మాట్లాడావు, మోకాళ్ళ గురించి మాట్లాడావు. గేనర్, ఆ బాకా మాదమ్మా అని ఒక్క మాట! ఒక్కటంటే ఒక్క మాట అని ఉంటే నేను ఆ రోజే ఐపీ పెట్టి మూడేళ్ళ కిందటే బయటపడేదాన్ని! చలికాలమంతా కోటు వేసుకుని పడుకున్నాను, ఇది పోకూడదని. తిండి తగ్గించుకున్నాను. మీ మర్యాద తగలెయ్య! మీ మర్యాద నాకు ఏడు వేల ఏడు వందల యాభై అయిదు పౌండ్లయింది!"

హెడ్లీ రిజిస్టరు మూశాడు. "నీ దగ్గరే ఉంచుకో. కమిటీకి నేను చెప్పుకుంటాను" అన్నాడు.

"ఎందుకు? నేను బాకీ పడ్డవాళ్ళు చాలరా, మీరు కూడా చేరడానికి?"

ఆవిడ పెట్టెను కాలితో ఆయన వైపు తోసింది. తలుపు దాకా వెళ్ళాక ఆయన పిలిచాడు. బాకా ఊదే మూతిని, అంటే పెదవులు ఆనించే ఆ చిన్న వెండి గిన్నెను, మెల్లగా మెలితిప్పి బయటికి లాగుతున్నాడు.

"ఇది మాత్రం అతనిదే. మూతి ఎవరిది వాళ్ళే కొనుక్కుంటాం. ఇది బ్యాండు లెక్కలో ఉండదు."

గేనర్ దాన్ని లాక్కున్నట్టే తీసుకుని కోటు జేబులో వేసుకుంది. థాంక్స్ చెప్పలేదు.

కొండ దిగుతుంటే బ్యాండు వాళ్ళు ఒక్కొక్కరే ఎదురయ్యారు. అందరూ తల వంచి పలకరించారు, ఆవిడ ఎవరికీ పలకలేదు. సగం దూరం వచ్చాక వెనక నుంచి ఒక బరువైన స్వరం వినిపించింది. ఎవరో పద్నాలుగో నంబరును తీసి, వేరే మూతి పెట్టి, సరిగ్గా ఉందో లేదో చూస్తున్నారు. బాగానే ఉంది. అయిదేళ్ళు తోమిన వస్తువు కదా. గేనర్ కుడిచెయ్యి ఊరికే పైకి లేచింది. బాదడానికి అక్కడ గోడ లేదు. చెయ్యి దించేసి, బస్సు కోసం ఆగకుండా నడిచింది. నడుస్తూ ఏడ్చింది. ఎదురొచ్చిన వాళ్ళు మర్యాదగా అవతలి పక్కకు తప్పుకున్నారు.

ఇంటికొచ్చి, పొయ్యి మీద రెండు బంగాళాదుంపలు పడేసి, వంటింటి బల్ల దగ్గర ఫోను తెరిచింది. విలువైన వస్తువులు ఏమైనా ఉన్నాయా? ఏడాదిగా ఈ గడి దగ్గరికొచ్చి వెనక్కి పోతోంది. బస్సులో వెళ్ళేటప్పుడు అబద్ధం ఎలా రాయాలో కూడా ఆలోచించుకుంది. ఇప్పుడు ఆ అవసరం లేదు. లేవు అని రాసింది. జీవితంలో అంత నిజమైన మాట ఆవిడ ఏ కాగితం మీదా రాయలేదు, అందుకే అంత కష్టంగా తోచింది. మీరు చెప్పినవన్నీ నిజాలేనా అని అడిగింది ఫోను. అవును అని నొక్కింది. మీ దరఖాస్తు అందింది అంది.

ఒప్పందం కంపెనీ నంబరు రాసి ఉన్న కాగితాన్ని గోడ మీంచి పీకి చెత్తబుట్టలో వేసింది. శుక్రవారం వాళ్ళు ఫోను చేస్తారు. చేసుకోనీ.

పడకగదిలో, కిటికీ పక్కన, తివాచీ మీద పెట్టె ఆనవాలు అలాగే ఉంది. చుట్టూ రంగు వెలిసిపోయింది, పెట్టె ఉన్నంత మేర మాత్రం కొత్తదానిలా ముదురాకుపచ్చ. పక్కన పాలిష్ డబ్బా, చొక్కా గుడ్డ. గేనర్ కోటు విప్పి కుర్చీ మీద వేస్తుంటే జేబులోంచి ఏదో దొర్లి కింద పడింది. వంగి తియ్యలేదు, నడుము పట్టేసింది. పొయ్యి మీద దుంపలు మాడుతున్న వాసన వస్తే వంటింట్లోకి వెళ్ళింది.

ఆ ముదురాకుపచ్చ మధ్యలో క్లైవ్ మూతి పక్కకు ఒరిగి ఉంది. నలభై ఏళ్ళ పెదవుల ఒరిపిడికి అంచు మీద వెండి పోయి, లోపలి ఇత్తడి పసుపుగా బయటపడింది.